రోజుకొకటా, వారానికొకటా? మందుల చీటీలో రాత అర్థం కాకపోతే బాధ్యత ఎవరిది

ప్రశ్న: మా అమ్మగారికి 64 ఏళ్లు. కీళ్లవాతానికి డాక్టరుగారు ఆరు రకాల మందులు రాశారు. అందులో మెథోట్రెక్సేట్ ఒకటి. అది వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన మాత్ర అని మాకు తెలియదు. చీటీ మీది రాత మాకు అర్థం కాలేదు. మందుల షాపులో కవరు మీద ‘రోజుకొకటి’ అని రాసి 30 మాత్రలు ఇచ్చారు. తొమ్మిదో రోజుకు అమ్మకు నోరంతా పుండ్లు పడ్డాయి, జ్వరం వచ్చింది. రక్తకణాలు బాగా పడిపోవడంతో మరో ఆసుపత్రిలో చేర్చాం. ఇప్పుడు కోలుకున్నారు. డాక్టరుగారేమో వారానికొకటి అనే రాశానంటున్నారు. షాపువాళ్లేమో చీటీలో రోజుకొకటి అనే ఉందంటున్నారు. మేం ఎవరి మీద కేసు వేయాలి?

జవాబు: మీరు పంపిన చీటీ నకలు చూశాను. మెథోట్రెక్సేట్ పక్కనున్న పొడి అక్షరాలను రోజుకొకసారి అనే ‘ఓడీ’గా చదవవచ్చు, వారానికొకసారి అనే ‘ఓడబ్ల్యూ’గానూ చదవవచ్చు. చివరి అక్షరం దగ్గర కలం జారిపోయింది. ఆ గీత మీద వాదన పెట్టుకుంటే అది ఎప్పటికీ తెగదు. నేనైతే ఆ వరుసలో ఉన్నదాన్ని వదిలి, లేనిదాన్ని పట్టుకుంటాను. మొత్తం ఎన్ని మాత్రలు ఇవ్వాలో అక్కడ రాయలేదు.

1945 నాటి ఔషధ నిబంధనల్లో 65(10) ప్రకారం చీటీ మీద వైద్యుడి సంతకం, తేదీ, రోగి పేరు, చిరునామా ఉండాలి. ఏ మోతాదులో వాడాలో, మొత్తం ఎంత మందు ఇవ్వాలో కూడా రాయాలి. ఈ చివరి అంశాన్ని చాలామంది డాక్టర్లు పట్టించుకోరు. మీ విషయంలో జరిగిన అనర్థమంతా దాని దగ్గరే ఉంది. నెలకు సరిపడా 4 అని అంకె వేసి ఉంటే, అక్షరాలు ఎంత అధ్వానంగా ఉన్నా షాపులో 30 మాత్రలు కట్టి ఇచ్చేవారు కాదు.

ఇక దస్తూరి సంగతి. వైద్యుల ప్రవర్తనా నియమావళి (2002)ని 2016లో సవరించారు. మందుల జెనెరిక్ పేర్లను స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని, మందులు హేతుబద్ధంగా రాసేలా, వాడేలా చూడాలని 1.5వ నియమం చెబుతోంది. 2023లో వచ్చిన కొత్త నిబంధనలను అదే నెలలో నిలిపివేశారు కాబట్టి ఈ పాత నియమావళే అమల్లో ఉంది. 2025 ఆగస్టులో పంజాబ్ హర్యానా హైకోర్టు, చదవగలిగే మందుల చీటీ పొందడం రాజ్యాంగంలోని 21వ అధికరణ కింద ప్రాథమిక హక్కేనని చెప్పింది. చిత్రమేమిటంటే, అది బెయిలు పిటిషన్ విచారణ. అందులోని వైద్య నివేదికలో ఒక్క ముక్కా చదవలేకపోయిన న్యాయమూర్తి ఈ సంగతి లేవనెత్తారు. (మా వకీళ్ల చేతిరాత జోలికి ఇంకా ఎవరూ రాలేదు, సంతోషం.)

అలాగని షాపువాళ్లు తప్పించుకోలేరు. చీటీ మీద ఇచ్చే మందును రిజిస్టరయిన ఫార్మసిస్టే ఇవ్వాలి, లేదా ఆయన స్వయంగా దగ్గరుండి ఇప్పించాలి. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్‌ను రోజూ వాడరన్నది ఫార్మసిస్టుకు తెలిసి ఉండాల్సిన సంగతి. అనుమానం వచ్చినప్పుడు డాక్టరుకు ఫోను చేయాలి గానీ ఊహించి ఇవ్వకూడదు. ఆ రోజు అసలు ఫార్మసిస్టు షాపులో ఉన్నారా అన్నది కూడా మనం అడగాల్సిన ప్రశ్నే. ఇంగ్లండులో 1980ల్లో ఇలాంటి కేసే నడిచింది. డాక్టరు అమాక్సిల్ అనే యాంటీబయాటిక్ రాస్తే, ఫార్మసిస్టు దాన్ని చక్కెర వ్యాధికి వాడే డావోనిల్ అని చదివి ఇచ్చాడు. రోగి మెదడు దెబ్బతింది. అక్కడి న్యాయస్థానం బాధ్యతలో 25 శాతం డాక్టరు మీద, 75 శాతం ఫార్మసిస్టు మీద వేసింది. ఆ తీర్పు మన కోర్టులను కట్టిపడేయదు, కానీ ఆలోచించే తీరు ఇక్కడా పనికొస్తుంది. అందుకే ఇద్దరిలో ఒకరిని ఎంచుకోకండి. ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. ఒకరి మీద ఒకరు చెప్పుకునేది మీకే సాక్ష్యమవుతుంది.

రాత బాగాలేదన్నంత మాత్రాన పరిహారం రాదు. ఆ రాత వల్లే హాని జరిగిందని చూపాలి. మీ అమ్మగారిని చేర్చిన ఆసుపత్రి డిశ్చార్జ్ సమ్మరీలో ‘మెథోట్రెక్సేట్ విషప్రభావం’ అన్న మాట ఉందో లేదో ముందు చూడండి. లేకపోతే కేస్ షీట్ మొత్తం కావాలని రాతపూర్వకంగా అడగండి. 72 గంటల్లో ఇవ్వాలన్నది పైన చెప్పిన నియమావళిలోనే ఉంది. చీటీ, బిల్లు, మిగిలిన మాత్రలు, చేతిరాత ఉన్న ఆ కవరు భద్రపరచండి. కవరును పారేయకపోవడం మీ అదృష్టం. ఎవరడిగినా నకళ్లే ఇవ్వండి. ప్రతి కేసులోనూ నిపుణుడి అభిప్రాయం తప్పనిసరి కాదని వి. కిషన్ రావు కేసులో (2010) సుప్రీంకోర్టు చెప్పింది. అందులో మలేరియా రోగికి టైఫాయిడ్ చికిత్స చేశారు. మీ కేసులోని మోతాదు అంశం కూడా అంత తేటతెల్లంగానే ఉంది.

మందులు ఎక్కువ రాశారన్న ఫిర్యాదు మాత్రం వేరు, నిరూపించడం కూడా కష్టం. ఏ మందు రాయాలన్న విషయంలో వైద్యుడి విచక్షణకు కోర్టులు చాలా గౌరవమిస్తాయి. ఆరు మందులు అన్న అంకె చూపించి నెగ్గలేరు. కానీ మీ చీటీలో నాకు మూడు విషయాలు కనిపించాయి. ఒకే కోవకు చెందిన నొప్పి మాత్రలు రెండున్నాయి. అలాంటివి మెథోట్రెక్సేట్‌ను మూత్రపిండాలు బయటకు పంపడాన్ని తగ్గించగలవు. దీనికి తోడుగా మామూలుగా ఇచ్చే ఫోలిక్ యాసిడ్ లేదు. మొదలుపెట్టే ముందు చేయించాల్సిన రక్త, కాలేయ, మూత్రపిండ పరీక్షల ఊసు లేదు. వీటిపై ఒక రుమటాలజిస్టు (కీళ్లవాత నిపుణుడు) దగ్గర రాతపూర్వక అభిప్రాయం తీసుకోండి. మోతాదు మితిమీరితే కోర్టులు ఊరుకోవు. అనురాధా సాహా కేసులో రోజుకు రెండుసార్లు ఇచ్చిన 80 మిల్లీగ్రాముల స్టెరాయిడ్ ఇంజెక్షన్లే ప్రధాన వివాదం. 2013లో సుప్రీంకోర్టు ఆ కేసులో 5.96 కోట్ల రూపాయల పరిహారం ఖరారు చేసింది.

ఫిర్యాదు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయండి. మీరు నివసించే చోటే వేయవచ్చు. గడువు రెండేళ్లు. డాక్టరుకు ఫీజు చెల్లించిన రసీదు జతచేయండి, ఎందుకంటే అందరికీ పూర్తిగా ఉచితంగా అందే వైద్యం ఈ చట్టం కిందకు రాదు. డాక్టరు మీద రాష్ట్ర వైద్య మండలికి, షాపు మీద ఔషధ నియంత్రణ అధికారులకు విడిగా ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ డబ్బు రాదు. రిజిస్ట్రేషన్, లైసెన్సుల మీద చర్య మాత్రమే ఉంటుంది.

పోలీసు కేసు పెట్టమని బంధువులు ఒత్తిడి చేస్తున్నారని రాశారు. నా సలహా, వద్దు. వైద్యుడిపై క్రిమినల్ కేసు నిలవాలంటే ఘోరమైన నిర్లక్ష్యం కనబడాలని, ముందుగా మరో వైద్యుడి స్వతంత్ర అభిప్రాయం తీసుకోవాలని జేకబ్ మాథ్యూ తీర్పు (2005) చెబుతోంది. మీ దగ్గరున్న కాగితాలు పరిహారానికి సరిపోతాయి గానీ అంత దూరం లాక్కెళ్లవు. క్రిమినల్ ఫిర్యాదును ముందే కొట్టేస్తే, ఆ ఉత్తర్వును డాక్టరు తరఫు వకీలు కమిషన్ ముందు పెట్టి తీరతాడు. ముందు ఇద్దరికీ స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, పదిహేను రోజుల గడువివ్వండి. వారానికొకటి అనే రాశానని డాక్టరుగారు జవాబులో రాతపూర్వకంగా ఒప్పుకుంటే, మందు రోజూ ఇవ్వాల్సింది కాదన్న విషయం మీరు వేరే నిరూపించనక్కర్లేదు.