మిలాన్‌లో ఆఫీసు పని, ఆపై రెండు రోజులు: సిప్ ఆపాలా?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం చేస్తున్నాను. వయసు 32. మూడు నెలల్లో ఆఫీసు పని మీద అయిదు రోజులు ఇటలీలోని మిలాన్ వెళ్లాలి. ఆ శని, ఆదివారాలు అక్కడే ఉండిపోయి వెనిస్, రోమ్ కూడా చూసి రావాలని ఉంది. లక్షన్నర అవుతుందని కొలీగ్స్ అంటున్నారు. ఇంటి ఖర్చులు, మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టే రూ.15 వేల సిప్ పోగా నెలకు రూ.20 వేలు మిగులుతుంది. సిప్ కొన్నాళ్లు ఆపేయనా, లేక క్రెడిట్ కార్డు మీద ఈఎంఐ పెట్టుకోనా?

జవాబు: రెండూ వద్దు. అలాగని ప్రయాణం మానుకోవద్దు, తప్పకుండా చూసి రండి. ఇటలీ వెళ్లడానికి బరువైన ఖర్చు విమాన టికెట్, ఆ తర్వాత వీసా. ఆ రెండూ మీ కంపెనీ పెట్టుకుంటోంది. ఇలాంటి అవకాశం మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు.

లక్షన్నర లెక్క వెనిస్, రోమ్ వల్ల వచ్చింది. మిలాన్ నుంచి వెనిస్‌కు వేగంగా వెళ్లే రైల్లోనే దాదాపు రెండున్నర గంటలు, రోమ్‌కు మూడు గంటలు దాటుతుంది. అవి చెరో దిక్కున ఉన్నాయి. ఉన్న రెండు రోజుల్లో సగం రైళ్లలో, లగేజీ మోయడంలో పోతుంది. మిలాన్‌లోనే ఉండండి అన్నది నా మాట.

ఆ ఊళ్లో చూడాల్సింది తక్కువేమీ లేదు. లియొనార్డో డావిన్చి గీసిన 'లాస్ట్ సప్పర్' అక్కడి ఒక మఠం భోజనశాల గోడ మీద ఉంది. తడి సున్నం మీద కాకుండా ఆరిన గోడ మీద రంగులు వేయడంతో, ఆయన బతికుండగానే అది పెచ్చులూడడం మొదలైంది. 1943 బాంబు దాడిలో ఆ భోజనశాల చాలావరకు కూలినా, ఇసుక బస్తాలు అడ్డుపెట్టిన ఆ గోడ మాత్రం నిలిచింది. కొద్దిమందినే, పావుగంట సేపే లోపలికి పంపుతారు. టికెట్లు వారాల ముందే అయిపోతాయి. అందుకే అధికారిక సైట్లో అమ్మకం మొదలవగానే కొనండి. ఆలస్యం చేస్తే గైడుతో కలిపి ఎక్కువ ధరకు అమ్మే టూర్లే మిగులుతాయి. డువోమో చర్చి పైకప్పు మీదికి లిఫ్టు కన్నా మెట్ల టికెట్ చవక. స్ఫోర్జా కోట ఆవరణలోకి ప్రవేశం ఉచితం. నెలలో మొదటి ఆదివారం బ్రెరా చిత్రశాలలోకీ టికెట్ ఉండదు.

ఇక లెక్క. యూరోకు రూ.105 వేసుకుందాం. కేంద్రానికి కాస్త దూరంగా, మెట్రో దగ్గర హోటల్ రెండు రాత్రులకు 260 యూరోలు, తిండికి 80, టికెట్లకు, తిరగడానికి 70. మొత్తం 410 యూరోలు, అంటే సుమారు రూ.43 వేలు. చిల్లర ఖర్చులతో రూ.50 వేలు అనుకోండి. ఫ్యాషన్ వీక్, ఏప్రిల్‌లో ఫర్నిచర్ ప్రదర్శన ఉన్న రోజుల్లో మాత్రం హోటల్ రేట్లు మండిపోతాయి, తేదీలు చూసుకోండి. నెలకు రూ.17 వేల చొప్పున మూడు నెలలు వేరే ఖాతాలో వేస్తే డబ్బు సిద్ధం. సిప్ జోలికి పోనక్కర్లేదు. ఆపడం క్షణాల్లో పని, మళ్లీ మొదలుపెట్టడం మాత్రం వచ్చే నెల, ఆ పై నెల అంటూ జరిగిపోతుంది.

'డీఏ (ఆఫీసు ప్రయాణంలో రోజు ఖర్చులకు కంపెనీ ఇచ్చే అలవెన్సు) మిగుల్చుకుని తిరిగేస్తాను' అనుకునేవాళ్లు చాలామంది. ఆ అలవెన్సులో పని రోజుల్లో నిజంగా ఖర్చయినంత వరకే పన్ను మినహాయింపు, మిగిలింది మీ ఆదాయమే. దాన్ని నమ్ముకుని ప్లాన్ వేయకండి. పచ్చళ్లు, పొడులు పట్టుకెళ్లి తిండి ఖర్చు తగ్గించుకోవడం మంచిదే. నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు, బయటి దేశాల పాల పదార్థాలను ప్రయాణికులు తీసుకురావడానికి యూరోపియన్ యూనియన్ ఒప్పుకోదు.

అక్కడ కార్డు గీకేటప్పుడు మెషీన్ 'రూపాయల్లోనా, యూరోల్లోనా' అని అడిగితే ఎప్పుడూ యూరోలే నొక్కండి. రూపాయలు నొక్కితే వాళ్ల మారకం రేటు పడుతుంది, అది మీకు నష్టం. మన క్రెడిట్ కార్డుల్లో చాలావాటికి 3.5 శాతం దాకా మార్కప్ (విదేశీ కరెన్సీ ఖర్చు మీద బ్యాంకు వేసే అదనపు రుసుము), దాని మీద 18 శాతం జీఎస్టీ ఉంటాయి. రూ.40 వేల ఖర్చుకు అది రూ.1,652. మార్కప్ లేని కార్డు ఉంటే అదే వాడండి.

ఇవన్నీ ఒక ఎత్తు, ఇన్సూరెన్స్ ఒక్కటీ ఒక ఎత్తు. ఇటలీకి తీసుకునే షెన్‌గెన్ వీసాకు (చాలా యూరప్ దేశాలకు కలిపి ఒకటే వీసా) కనీసం 30 వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి. కంపెనీ పాలసీ శుక్రవారంతో ముగిసిపోతే, శనివారం కాలు విరిగినా ఆ బిల్లు మీదే. ఆ రెండు రోజులకూ కవర్ ఉందో లేదో, తిరుగు టికెట్ మారిస్తే తేడా ఎవరు కట్టాలో హెచ్ఆర్‌ను అడిగి మెయిల్‌లో రాయించుకోండి. వీసా దరఖాస్తులో కూడా ఆదివారం దాకా తేదీలు అడగండి. హోటల్ బుకింగ్ ఆ మెయిల్ చేతికొచ్చాకే.