నరం కనిపించింది కదా అని గుచ్చేయకు

బుజ్జీ,

మీ వార్డుకి చర్మం మీద లైటు వేసి నరం చూపించే వీన్ ఫైండర్ వచ్చిందని, ఇక నరం దొరకదన్న టెన్షన్ పోయిందని రాశావు, చాలా సంతోషం. కానీ ముప్పై ఏళ్లు ఇదే పని చేసిన అత్తగా ఒక మాట చెప్పాలి. ఆ మిషన్ నరం ఎక్కడుందో చూపిస్తుంది, అక్కడ గుచ్చొచ్చో కూడదో చెప్పదు.

నువ్వుండేది పలాస. ఉద్దానం ఊళ్ల నుంచి, అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస నుంచి వచ్చేవాళ్లలో కిడ్నీ జబ్బు ఎంతమందికి ఉందో రోజూ చూస్తూనే ఉన్నావు. వాళ్లకి మోచేతి నుంచి మణికట్టు దాకా ఉన్న నరాలు రేపు డయాలసిస్ కోసం ఫిస్టులా (ధమనినీ నరాన్నీ కలిపి కుట్టడం) వేయడానికి కావాలి, కానీ లైటు వేయగానే తిన్నగా, లావుగా ముందు కనిపించేవి అవే! వాటి జోలికి వెళ్లకు. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పని తగ్గితే పెరిగేది) పెరిగినవాళ్లకి చేతి వెనక భాగంలో చూడు, అదీ వాళ్లు ఎక్కువగా వాడే చేతికి పెట్టు. ఫిస్టులా వేసిన చేతికైతే సూదీ వద్దు, బీపీ పట్టీ కూడా వద్దు.

నేను తప్పు చేసి నేర్చుకున్న సంగతి ఇది. అప్పట్లో నేను పనిచేసిన చోట జీడితోటలో పనిచేసే ఒకాయనకి నెల తిరక్కుండానే ఎడమ చేతి నిండా కాన్యులాలు (నరంలో ఉంచే సన్నగొట్టాలు) పెట్టాం, ఎక్కువ నా చేత్తోనే. తర్వాత ఫిస్టులా కోసం సర్జన్ ఆ చెయ్యి పట్టుకుని వేలితో తడిమితే నరం గట్టిపడి తీగలా తగిలింది. ఆ సర్జన్ నన్నేమీ అనలేదు. పేషెంటే నా మొహం చూసి, 'ఏటయిందమ్మా, నానేటి సేసినాను?' అని అడిగాడు. ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు.

ఇక వాడకం. పరారుణ కాంతిని రక్తంలోని హీమోగ్లోబిన్ పీల్చుకుంటుంది కాబట్టి నరం ఉన్నచోట నల్లగీత పడుతుంది, అంతే. సుమారు 10 మిల్లీమీటర్ల లోతు దాకే దాని చూపు, అందులోనూ నరం ఎంత లోతుందో నీకు తెలియదు, అందుకని వేలితో తడమడం మానొద్దు. మిషన్ని నిటారుగా పట్టుకో, వంచితే గీత పక్కకి జరుగుతుంది. మన పెద్దవాళ్ల చేతుల మీది పచ్చబొట్టు కూడా నరంలాగే నల్లగా కనిపించి మోసం చేయగలదు. అనుమానమొస్తే గీత మీద వేలితో నొక్కి పక్కకి తుడువు, రక్తం ఉన్న నరమైతే గీత చెరిగి మళ్లీ నిండుతుంది, పచ్చబొట్టు ఎక్కడికీ పోదు. లైటు ఎవరి కళ్లలోనూ పడనీయకు. రెండుసార్లు గుచ్చినా దొరక్కపోతే ఇంకొకరిని పిలువు, అందులో నామోషీ ఏమీ లేదు.

కంటి వెనకుండే రెటీనా పొరని ఫొటో తీసే ఫండస్ కెమెరా కూడా నీకే అప్పజెప్పారన్నావు కదా. ఉద్దానంలో చాలామందికి షుగర్ లేకుండానే కిడ్నీ పాడవుతోంది, కానీ షుగర్ వల్ల పాడైనవాళ్లకి చాలాసార్లు రెటీనా కూడా దెబ్బతిని ఉంటుంది, చూపు తగ్గేదాకా వాళ్లకే తెలియదు. అందుకని షుగర్ ఉన్నవాళ్లకి ఏడాదికోసారి ఫొటో తీయాల్సిందే. గది చీకటి చేసి, ఒక కన్ను అయ్యాక కొన్ని నిమిషాలు ఆగు, ఫ్లాష్‌కి రెండో కంటిపాప కూడా ముడుచుకుపోతుంది. ఫొటో మసగ్గా వస్తే బాగానే ఉందని మాత్రం రాయకు తల్లీ, అది శుక్లం కావచ్చు, కంటి డాక్టరుకి పంపు.

కంటిపాప పెద్దది కావడానికి చుక్కలు వేయాల్సి వస్తే గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) ఉందేమో అడిగి, డాక్టరు సరేనన్నాకే వెయ్యి. తర్వాత కొన్ని గంటలు చూపు మసగ్గా ఉంటుంది, బండి నడపకూడదు. అందుకే ఎవరితో వచ్చారని ముందే అడుగు, ఒక్కరే వచ్చి చీకటి పడ్డాక ఆటో దిగి తోటలో నడిచి ఇంటికెళ్లేవాళ్లయితే, తోడు తీసుకుని ఇంకో రోజు రమ్మను.

మీ అత్త