అది వైరస్ కాదు, చెరువులో కొట్టిన కలుపు మందు

ప్రశ్న: మా ఊరి మాల్గుజారీ చెరువు (పాతకాలపు భూస్వాములు తవ్వించినది) నిండా గుర్రపుడెక్క పెరిగింది. చేపల సంఘం వాళ్లు ఇరవై రోజుల కింద డ్రోన్‌తో 2,4-డి అనే కలుపు మందు కొట్టించారు. చెరువును ఆనుకుని మా మూడెకరాల పత్తి ఉంది. ఇప్పుడు చిగురాకులు సన్నబడి బెండాకుల్లా అయ్యాయి. షాపాయన ముడత వైరస్ అని చెప్పి, దాన్ని మోసే తెల్లదోమకు మందు ఇచ్చాడు. రెండుసార్లు కొట్టినా తగ్గలేదు. ఇంకే మందు కొట్టాలి? మిగిలిన డెక్కకు మళ్లీ డ్రోన్ పిలవచ్చా?
– ఒక రైతు, సిరొంచ తాలూకా, గడ్చిరోలి జిల్లా

జవాబు: ఇంకే మందూ కొట్టకండి. వైరస్ అయితే ఆకు అంచులు ముడుచుకుని, అడుగున ఈనెలు లావుగా ఉబ్బుతాయి. అది ఎక్కువగా పంజాబ్, హర్యానా, రాజస్థాన్ వైపు బాధ. ఆకు సన్నబడి, ఈనెలు దగ్గరగా చేరి బెండాకులా మారితే అది 2,4-డి దెబ్బే. పత్తికి ఆ మందు గాలి సోకినా చాలు. షాపాయన చేనుకు రాకుండానే వైరస్ అని తేల్చాడు, మీరు రెండుసార్లు డబ్బు పోశారు.

ఒకసారి సాళ్ల వెంట నడిచి చూడండి. చెరువు వైపు ఎక్కువగా ఉండి, పోనుపోను తగ్గితే గాలికి కొట్టుకొచ్చినట్టు. చేనంతా ఒకేలా ఉంటే, తెల్లదోమ మందు కూడా ఆ డ్రోన్ ట్యాంకుతోనే, సరిగా కడగకుండా కొట్టించారేమో గుర్తు చేసుకోండి.

దీనికి విరుగుడు లేదు, మొక్కను కోలుకోనివ్వడమే. వంకర తిరిగిన చిగుళ్లను 10-15 సెంటీమీటర్లు తుంచేయండి. నేలలో పదును ఉన్నప్పుడు లీటరు నీటికి 10 గ్రాముల యూరియా కలిపి, ఎకరాకు 200 లీటర్ల చొప్పున సాయంత్రం పూట పిచికారీ చేయండి. వారం ఆగి మరోసారి. ఆ చెరువు నీళ్లు ప్రస్తుతం పత్తికి పెట్టకండి.

ఇక డ్రోన్ సంగతి. చేతి స్ప్రేయరుతో 200 లీటర్లలో పోయే మందును డ్రోన్ 10 లీటర్లలోనే చల్లేస్తుంది. మందు చిక్కన, చుక్క సన్నం. గాలి ఎటుంటే అటు పోతుంది. పైగా 2,4-డిలో ఈథైల్ ఎస్టర్ రకమైతే కొట్టాక కూడా ఎండకు ఆవిరై పక్క చేలకు పాకుతుంది. 2,4-డి గుర్రపుడెక్కను చంపుతుంది, కాదనను. కానీ ఒక్కసారే చచ్చిన డెక్క మునిగి కుళ్లితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి తెల్లవారుజామున చేపలు తేలతాయి. సంఘం వాళ్లకు ఈ మాట ఎవరూ చెప్పలేదా? బురదలో పడిన గింజలేమో ఏళ్ల తరబడి బతికి మళ్లీ మొలుస్తాయి.

డ్రోన్‌ను పిలవండి, కెమెరాతో. వానల తర్వాత ఒకసారి, మార్చిలో ఒకసారి పైనుంచి ఫొటోలు తీయిస్తే డెక్క ఎక్కడ దట్టంగా ఉందో, ఎటు పాకుతోందో తెలుస్తుంది. చాలాచోట్ల ఊరి మురుగు కలిసే మూలే దానికి పుట్టిల్లు. ఆ మురుగు మళ్లించకుండా ఎన్ని ట్యాంకులు కొట్టినా దండగే. నీళ్లు తగ్గే ఏప్రిల్-మే నెలల్లో వేళ్లతో లాగించి, మళ్లీ కొట్టుకుపోకుండా గట్టుకు అవతల ఎండబెట్టండి. డెక్కను తినే నియోకెటినా ముక్కుపురుగులు మన దేశానికి 1980లలోనే వచ్చాయి. పంటల జోలికి రావు, కానీ రెండు మూడేళ్లు ఓపిక పట్టాలి.

నష్టపరిహారం అడగాలనుకుంటే చిగుళ్లు తుంచకముందే తలాఠీని (ఊరి రెవెన్యూ అధికారిని) పిలిచి పంచనామా రాయించండి. చెరువు గట్టు నుంచి చేను అవతలి ఒడ్డు దాకా సాలు సాలుకూ ఫొటోలు తీసి పెట్టుకోండి.