వాడిన కాంపాక్ట్ పిస్టల్‌ని ఎన్ని రౌండ్లు కాల్చి చూస్తే నమ్మొచ్చు?

రోజూ వెంట ఉంచుకోవడానికి సెకండ్ హ్యాండ్‌లో 9 ఎంఎం కాంపాక్ట్ పిస్టల్ తీసుకున్నానని, రేంజ్‌లో ఎన్ని రౌండ్లు కాల్చి చూస్తే దాన్ని నమ్మొచ్చని అడిగారు. ముందు లెక్క చెప్పేస్తాను. మామూలు ప్రాక్టీసు తూటాలు 200, ఆ తర్వాత మీరు నిజంగా లోడ్ చేసి ఉంచుకునే హాలో పాయింట్ (ముక్కులో గుంట ఉండే) తూటాలు కనీసం 50, మధ్యలో ఒక్కసారి కూడా ఆగకుండా. లైసెన్సు, పేరు మార్పిడి కాగితాలు మీ దగ్గర సరిగ్గానే ఉన్నాయనుకుని చెబుతున్నాను.

కానీ ఈ అంకె ఒక్కటే పట్టుకుని వెళితే నాలాగే బోల్తా పడతారు.

నేను కొన్నదీ వాడినదే. పాత ఓనర్ మూడు మ్యాగజైన్లు ఇచ్చాడు. మొదటి రోజు 150 కాల్చాను, మూడుసార్లు జామ్ అయింది. తూటా ముక్కు కిందికి వాలిపోయి, బ్యారెల్‌లోకి ఎక్కకుండా ఇరుక్కునేది. పిస్టల్‌నీ, అమ్మినవాడినీ, నా అదృష్టాన్నీ కలిపి తిట్టుకుని తిరిగి ఇచ్చేద్దామనుకున్నాను. రేంజ్‌లో పక్క లేన్ పెద్దాయన ఒకే ఒక్క ప్రశ్న వేశాడు: "మూడుసార్లూ ఒకే మ్యాగజైనా?" నా దగ్గర జవాబు లేదు. మూడూ అచ్చు ఒకేలా ఉన్నాయి, ఏది ఎప్పుడు పెట్టానో నాకేం తెలుసు?

ఇంటికి వచ్చి తెల్ల పెయింట్ పెన్నుతో అడుగున 1, 2, 3 అని రాశాను. రెండోసారి వెళ్లినప్పుడు అసలు సంగతి బయటపడింది. 1, 2 వాటి పని అవి చేసుకుపోయాయి. ఆగిందల్లా 3 దగ్గరే, అదీ చివరి రెండు తూటాల దగ్గర. మ్యాగజైన్ నిండుగా ఉన్నప్పుడు స్ప్రింగ్ బాగా నొక్కుకుని ఉంటుంది కాబట్టి బలంగానే తోస్తుంది. ఖాళీ అయ్యేకొద్దీ సాగి బలం తగ్గుతుంది. అందుకే అలసిపోయిన స్ప్రింగ్ చివరి తూటాల దగ్గర దొరికిపోతుంది. స్లైడ్ (పిస్టల్ మీద కదిలే పైభాగం) వెనక్కి వెళ్లి ముందుకొచ్చే లోపు తూటాని పైకి అందించలేదు. స్ప్రింగ్ బయటికి తీసి రెండో దాని పక్కన పెట్టి చూస్తే బొటనవేలి వెడల్పంత పొట్టిగా ఉంది. కొత్త స్ప్రింగ్ వేశాక అదే మ్యాగజైన్‌తో 100 కాల్చాను, ఆగలేదు.

అందుకని ఆ 200 లెక్క పిస్టల్‌కి మాత్రమే కాదు, మ్యాగజైన్ల మీద కూడా పంచండి. రోజూ వాడే ప్రతి మ్యాగజైన్ తన వంతు కాల్చి చూపించాలి. ఎక్కడైనా ఆగితే ఏ మ్యాగజైన్, ఎన్నో తూటా, ఎలా ఆగింది అని అక్కడే రాసుకోండి. పేలిన తూటా తాలూకు ఖాళీ గొట్టం (కేసు) బయటికి రాకుండా లోపలే ఉండిపోయిందంటే దాన్ని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం అరిగిపోవడమో, దాని కింద మసి పేరుకుపోవడమో అయ్యుండొచ్చు. కేసు స్లైడ్‌లో పొగ గొట్టంలా నిలబడిందంటే మీ మణికట్టు వదులుగా పట్టారేమో కూడా చూసుకోవాలి. ట్రిగ్గర్ నొక్కితే టక్కుమని శబ్దం వచ్చి పేలలేదా? పిస్టల్ నోరు టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగి, అప్పుడు తీయండి. తూటా అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్ మీద గుంట మరీ లోతు తక్కువగా ఉంటే పాత ఓనర్ ట్రిగ్గర్ తేలిక చేయడానికి స్ప్రింగులు మార్చాడేమో అడగండి. పోటీలకి అది సరదాగానే ఉంటుంది కానీ, వెంట ఉంచుకునే పిస్టల్‌కి ఫ్యాక్టరీ స్ప్రింగులే మంచివి.

పేలినప్పుడు శబ్దం మామూలుగా కాకుండా నీరసంగా "పుస్" మన్నట్టు వస్తే మాత్రం రెండోది కాల్చొద్దు. తూటా ముందుండే గుండు బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు. దాని వెనకాల ఇంకోటి కాలిస్తే బ్యారెల్ ఉబ్బుతుంది, పగలనూ వచ్చు. ఆ పని పాత ఓనర్ ముందే చేసి ఉన్నాడేమో కూడా చూసుకోవాలి. రేంజ్‌కి వెళ్లే ముందే మ్యాగజైన్ తీసి, స్లైడ్ లాగి, ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీ అని కంటితో చూసి, వేలితో తడిమి, విడదీసి, బ్యారెల్ ఒక్కదాన్నే చేతిలోకి తీసుకుని లైటు వెలుగులో లోపల చూడండి. లోపలి మెలిక గాడులు నోటి దాకా సాఫీగా తిరిగి ఉండాలి. మధ్యలో ఉంగరంలా నల్లటి నీడ కనిపిస్తే అది ఉబ్బు. ఆ బ్యారెల్‌తో కాల్చకండి. మళ్లీ బిగించాక ఖాళీ పిస్టల్‌ని నోరు పైకి పెట్టి, స్లైడ్‌ని చేత్తోనే మెల్లగా ముందుకు వదలండి. చివరి కొంచెం దూరం మూసుకోకుండా నిలబడిపోతే స్లైడ్‌ని ముందుకు తోసే రీకాయిల్ స్ప్రింగ్ మార్చాల్సిన టైమొచ్చినట్టే. ఎన్ని వేలు కాల్చాడో అమ్మినవాడు చెప్పే మాట మీద నాకైతే పెద్దగా నమ్మకం ఉండదు. కొత్త స్ప్రింగ్ వేసేసి లెక్క సున్నా నుంచి మొదలుపెట్టడం తేలిక.

సీరియల్ నంబరుతో తయారీదారు దగ్గర రీకాల్, అప్‌గ్రేడ్ ఏమైనా ఉన్నాయేమో చూడండి. సిగ్ సావర్ పీ320 అనే పిస్టల్‌కి 2017లో స్వచ్ఛంద అప్‌గ్రేడ్ ప్రకటించారు, దానికి ముందు తయారైనవి ఇప్పటికీ చేతులు మారుతుంటాయి. ఇంకోటి, చీకట్లో మెరిసే ట్రిటియం సైట్లు (గురి చూసే గుర్తులు) ఉన్నాయని ఎక్కువ డబ్బు అడిగితే వాటి తేదీ చూడండి. ట్రిటియం అర్ధాయుష్షు 12 ఏళ్ల పైచిలుకు. అంటే పన్నెండేళ్ల కిందటి సైటు వెలుగు సగానికి పడిపోయి ఉంటుంది.

రేంజ్‌లో మొదట ఒకే ఒక్క తూటా పెట్టి కాల్చండి, స్లైడ్ వెనక్కి వెళ్లి అక్కడే నిలబడాలి. తర్వాత రెండు. ఎందుకంటే లోపలి భాగాలు అరిగినా, ఎవరో వాటిని అరగదీసినా, ఒక్క నొక్కుకి రెండూ పేలే ప్రమాదం ఉంది. అది 15 తూటాలతో తెలుసుకోవాల్సిన విషయం కాదు. చెవుల్లో ప్లగ్గులు, పైన చెవులు కప్పే మఫ్స్, రెండూ పెట్టుకోండి. ముఖ్యంగా నాలుగు గోడల మధ్య ఉండే రేంజ్ అయితే.

ఇక గురి సంగతి. 7 గజాల్లో నా తూటాలన్నీ కిందికి, ఎడమ పక్కకి పడేవి. సైట్లు పక్కకి జరిగి ఉన్నాయని తేల్చేశాను, జరపడానికి పనిముట్టు కూడా ఆర్డర్ పెట్టాను. అప్పుడు స్నేహితుడొకడు నాకు చూపించకుండా మ్యాగజైన్ మధ్యలో రెండు డమ్మీ తూటాలు దూర్చాడు. డమ్మీ వచ్చినప్పుడు పేలుడేమీ లేదు, అయినా పిస్టల్ ముక్కు ఠక్కున కిందికి వంగింది. రాబోయే దెబ్బకి భయపడి చెయ్యి ముందే తోసేస్తోంది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, తప్పు నాది, నింద సైట్లది. సైట్లు నిజంగా ఎక్కడున్నాయో తెలియాలంటే బల్ల మీద ఇసుక సంచీ పెట్టి, దాని మీద ఆనించి మెల్లగా ఐదు కాల్చండి. ఇంకా మంచిది, మీ కంటే బాగా కాల్చేవాళ్లెవరైనా ఉంటే వాళ్ల చేతికివ్వండి.

హాలో పాయింట్ ఖరీదని ఆ 50 మాత్రం మానేయకండి. దాని ముక్కు వెడల్పుగా, గుంటగా ఉంటుంది కాబట్టి గుండ్రని ముక్కున్నది ఎక్కిన దారిలో ఇది తగులుకుని ఆగిపోవచ్చు. గుండు బరువు (దాన్ని గ్రెయిన్లలో కొలుస్తారు) మారితే పడే చోటూ మారుతుంది, 115 గ్రెయిన్లతో సాధన చేసి 147 గ్రెయిన్లవి పెట్టుకునేవాళ్లు ఇది తప్పక చూసుకోవాలి. మధ్యలో శుభ్రం చేయకుండా, మసితోనే ఈ 50 కాల్చండి. ఓ పది కుడి చేత్తో మాత్రమే, ఓ పది ఎడమ చేత్తో మాత్రమే. కాంపాక్ట్ తేలిక కాబట్టి పట్టు వదులైతే ఆగడం ఎక్కువ. ఆ సంగతి రేంజ్‌లోనే తెలియాలి.

ఇంకో విషయం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. రోజూ రాత్రి అన్‌లోడ్ చేసి, పొద్దున అదే తూటాని మళ్లీ ఛాంబర్‌లోకి ఎక్కిస్తుంటే, ప్రతిసారీ తగిలే దెబ్బకి గుండు కేసులోకి కొంచెం కొంచెం దిగిపోతుంది. లోపల జాగా తగ్గి, పేలినప్పుడు ఒత్తిడి బాగా పెరుగుతుంది. ఓ రోజు నాది కొత్త తూటా పక్కన నిలబెట్టి చూస్తే కంటికే తెలిసేంత పొట్టిగా ఉంది. అప్పట్నుంచి పై తూటాని మారుస్తూ, పొట్టిదైందంటే పక్కన పడేస్తున్నాను.

రేంజ్ నుంచి రాగానే తిండి ముట్టుకునే ముందు చేతులు, ముఖం సబ్బుతో కడుక్కోండి. చాలా ప్రైమర్లలో సీసం ఉంటుంది.

మధ్యలో ఎక్కడైనా ఆగి, ఏదైనా భాగం మారిస్తే లెక్క మళ్లీ ఒకటి నుంచి. నాది మూడో ప్రయత్నానికి గానీ 250 దాటలేదు. ఆ 3 నంబరు మ్యాగజైన్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. స్ప్రింగ్ మార్చాక ఒక్కసారి కూడా మొరాయించలేదు. అయినా బయటికి వెళ్లేటప్పుడు చెయ్యి దాని మీదకి పోదు, ప్రాక్టీసు సంచీలోనే ఉంటుంది.