20 లక్షలిచ్చి లీజుకు వెళ్లాలా, నెలనెలా అద్దె కట్టాలా?

ప్రశ్న: మావారి ఉద్యోగం మారడంతో గత నెల విశాఖపట్నం నుంచి బెంగళూరు వచ్చాం. ప్రస్తుతం కంపెనీవాళ్లు ఇచ్చిన గెస్ట్‌హౌస్‌లో ఉన్నాం. మారతహళ్లిలో రెండు పడక గదుల ఇల్లు నచ్చింది. అద్దె 28,000, అడ్వాన్సు 1,40,000. అదే ఇంటిని లీజుకైతే 20 లక్షలకు ఇస్తామని, రెండేళ్లు అద్దె అక్కర్లేదని, ఖాళీ చేసేటప్పుడు మొత్తం తిరిగిస్తామని బ్రోకరు అంటున్నారు. మా దగ్గర 12 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. మిగతా 8 లక్షలు నా బంగారం మీద తెద్దామనుకుంటున్నాం. రేపటిలోగా లక్ష రూపాయల టోకెన్ ఇమ్మంటున్నారు. ఇవ్వమంటారా? ఇంకో విషయం, మా స్కూటరు ఏపీ నంబరుతోనే ఉంది. మార్చాలా?

జవాబు: రేపు ఆ టోకెన్ ఇవ్వకండి. ఎందుకో చెబుతాను.

మీ ఆలోచనలో లెక్క తప్పేమీ లేదు. 12 లక్షల మీద బ్యాంకు 6.5 శాతం ఇస్తుందనుకుంటే, ఏడాదికి మీరు వదులుకునే వడ్డీ 78,000. బంగారం అప్పుకు 10 శాతం వేసుకుంటే మరో 80,000. రెండూ కలిపి 1,58,000, అంటే నెలకు సుమారు 13,000. అద్దె 28,000. లీజుకు వెళితే నెలకు 15,000 మిగిలినట్టే కనిపిస్తుంది. కొత్త ఊళ్లో గ్యాసు స్టవ్వు నుంచి పిల్లల స్కూలు ఫీజు వరకు అన్నీ ఒకేసారి మీద పడిన సమయంలో ఎవరికైనా ఆశ పుడుతుంది.

ఇప్పుడు ఇదే లెక్కను ఇంటి యజమాని వైపు నుంచి చూడండి. ఆయనకు ఏటా రావలసిన అద్దె 3,36,000. మీ 20 లక్షల కోసం దాన్ని వదులుకుంటున్నారు. అంటే మీ డబ్బుకు ఆయన కడుతున్న వడ్డీ దాదాపు 17 శాతం. ఇల్లు తాకట్టు పెడితే బ్యాంకులు అంతకంటే చాలా తక్కువకే అప్పిస్తాయి. ఆ దారి ఉండగా మీ దగ్గర ఇంత ఖరీదైన అప్పు ఎందుకు తీసుకుంటున్నారు? బ్యాంకుల చుట్టూ తిరగడం ఇష్టంలేక కావచ్చు, అమ్మాయి పెళ్లికో, పై అంతస్తు కట్టడానికో కావచ్చు. బెంగళూరులో లీజు పద్ధతి చాలాకాలంగా ఉన్నదే, పైసా పోకుండా డబ్బు తిరిగి అందుకున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కానీ ఆ ఇంటి మీద ఇప్పటికే బ్యాంకు అప్పు ఉండి, ఇంకో అప్పు పుట్టక మీ దగ్గరికి వచ్చి ఉండవచ్చు కూడా. బయటి నుంచి చూస్తే ఈ ఇద్దరు యజమానులూ ఒకేలా కనిపిస్తారు. లీజుకు దిగితే మీరు అద్దెదారు మాత్రమే కాదు, అప్పిచ్చినవారు కూడా. కాబట్టి అప్పిచ్చేవాళ్లు ఏం చూస్తారో అవన్నీ మీరూ చూడాలి.

మొదట ఇంటి ఒరిజినల్ దస్తావేజు చూపించమనండి. జిరాక్సుల కట్ట చేతిలో పెట్టి, అసలు కాగితాలు ఊళ్లో అన్నయ్య దగ్గర ఉన్నాయంటే, అవి బ్యాంకు లాకరులో ఉన్నాయేమోనని అనుమానించాల్సిందే. తరువాత కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖవారి కావేరి పోర్టల్‌లో ఆ ఇంటి ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు, అప్పులు చూపే పత్రం, తీయించండి. దస్తావేజులు బ్యాంకుకు ఇచ్చి తీసుకున్న అప్పు ఒక్కోసారి ఈసీలో కనిపించకపోవచ్చు. అందుకని బ్యాంకుల తనఖాలు నమోదయ్యే కేంద్ర రిజిస్ట్రీ అయిన సెర్సాయ్ వెబ్‌సైటులో కొద్దిపాటి రుసుము కట్టి తనఖాల వివరాలు కూడా వెతికించండి. ముందే బ్యాంకుకు తనఖా ఉన్న ఇల్లయితే, వాయిదాలు ఆగిననాడు 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు దాన్ని వేలం వేయగలదు. తలుపు మీద నోటీసు అంటించినప్పుడు, మీ 20 లక్షల గురించి బ్యాంకు ఆలోచించదు.

ఇక అగ్రిమెంటు. ఏడాదికి మించిన లీజు అయితే రిజిస్టరు చేయించాలి కాబట్టి చాలామంది 11 నెలలకు స్టాంపు పేపరు మీద రాసి నోటరీ చేయిస్తారు. మామూలు అద్దెకు దానితో సరిపెట్టుకోవచ్చు. 20 లక్షలకు అది చాలదు. ఆస్తి బదిలీ చట్టం 1882 ప్రకారం, దస్తావేజులు అప్పగించి చేసే తనఖా తప్ప, 100 రూపాయలు, అంతకు మించిన ఏ తనఖా అయినా రిజిస్టరు దస్తావేజుతోనే చెల్లుతుంది. మీ డబ్బుకు ఆ ఇంటి మీద హక్కు రావాలంటే దాన్ని తనఖాగా రాయించి రిజిస్టరు చేయించక తప్పదు. స్టాంపు సుంకం భారమే, అయినా పెట్టదగిన ఖర్చు. అందుకు యజమాని ఒప్పుకోకపోతే ఆ ఇల్లు ఎంత నచ్చినా వదిలేయండి. సగం నగదుగా ఇమ్మంటే ఒప్పుకోవద్దు. 20,000, అంతకు మించిన అప్పు గానీ డిపాజిట్ గానీ నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. యజమానికీ మీకూ మధ్య ఏదైనా కంపెనీ ఉండి, డబ్బు తన ఖాతాలో వేయమంటే అసలే వద్దు. వాళ్లు యజమానికి నెలనెలా అద్దె కడుతూ మీ దగ్గర మొత్తం తీసుకుంటారు. వాళ్లు కట్టడం మానేసిన రోజు యజమాని మిమ్మల్ని ఖాళీ చేయమంటారు.

కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా ఇంకో చిక్కు ఉంది. చాలామంది యజమానులు ఆ డబ్బును అలాగే ఉంచరు, ఖర్చుపెట్టేస్తారు. తరువాత లీజుకు వచ్చేవాళ్ల డబ్బుతోనే మీకు తిరిగివ్వాలి. "కొత్తవాళ్లు రాగానే ఇచ్చేస్తాం" అనే మాటతో నెలలు గడుస్తాయి. మీవారికి మళ్లీ బదిలీ అయితే సామాను ఒక ఊళ్లో, డబ్బు ఇంకో ఊళ్లో ఉంటాయి. మీ దగ్గరున్న పొదుపంతా, దానితోపాటు బంగారం కూడా, ఒకే మనిషి మాట మీద పెట్టడం నాకు ససేమిరా ఇష్టం లేదు. అయినవాళ్లు దగ్గర లేని ఊళ్లో ఆసుపత్రి ఖర్చు వస్తే చేతికందే డబ్బు ఉండాలి కదా.

కాబట్టి నా సలహా, అద్దెకే వెళ్లండి. రెండేళ్లలో దాదాపు మూడున్నర లక్షలు ఎక్కువ ఖర్చవుతుంది, నిజమే. కానీ 12 లక్షలూ మీ పేరునే ఉంటాయి, బంగారం బీరువాలోనే ఉంటుంది. 28,000 బరువనిపిస్తే మెయిన్ రోడ్డుకు కాస్త లోపల, కొంచెం పాత ఇల్లు చూడండి. ఒకప్పుడు బెంగళూరులో పది నెలల అడ్వాన్సు మామూలు. మిమ్మల్ని ఐదు నెలలే అడిగారు, ఇంకా బేరమాడండి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరిట ఒక నెల అద్దె కోసుకోవడం ఇక్కడ రివాజు, ఆ మొత్తం ఎంతో అగ్రిమెంటులోనే రాయించండి. చేరిన రోజే గోడలు, కుళాయిలు, స్విచ్‌బోర్డులు వీడియో తీసి యజమానికి పంపండి. వేసవిలో ట్యాంకరు నీళ్ల ఖర్చు అద్దెలో కలిసి ఉందో లేదో తప్పక అడగండి. సగటు వాడకాన్ని బట్టి నెలకు 200 యూనిట్ల లోపు కరెంటు ఉచితంగా ఇచ్చే గృహజ్యోతి పథకం అద్దెకున్నవాళ్లకూ వర్తిస్తుంది. ఆ మీటరుకు పాత అద్దెదారు ఆధార్ జతచేసి ఉంటే ముందు తీయించమనండి.

స్కూటరు సంగతి. వేరే రాష్ట్రంలో రిజిస్టరైన బండిని ఇక్కడ 12 నెలలకు మించి వాడితే కర్ణాటక నంబరు తీసుకోవాలి. విశాఖ ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకుని, ఇక్కడ జీవితకాల పన్ను కట్టాలి. అక్కడ కట్టిన పన్నులో మిగిలిన కాలానికి వాపసు అడగవచ్చు. బండి బాగా పాతదైతే ఈ ఖర్చంతా లెక్కవేసి, విశాఖలోనే అమ్మి ఇక్కడ మరొకటి కొనుక్కోవడం మేలేమో చూడండి.