అనుమతుల ఫైల్ మారితే టెస్టులు ఫెయిలా?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో టెస్టర్‌గా చేస్తున్నానండీ. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ ప్రొఫైల్‌లోని (సెట్టింగులు దాచుకునే ఫోల్డర్) పర్మిషన్స్ డేటాబేస్‌లో లొకేషన్ అనుమతిని నేరుగా రాసి టెస్టులు నడిపేవాళ్లం. ఇప్పుడన్నీ ఫెయిల్. రిలీజ్ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

జవాబు: కంగారు పడకండి. ఆ డేటాబేస్‌లోని టేబుల్ ఒకప్పుడు సైటు హోస్ట్ పేరుతో ఉండేది, తర్వాత ఆరిజిన్‌కి (ప్రోటోకాల్, హోస్ట్, పోర్ట్ కలిపిన చిరునామా) మారింది, అంటే హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్ వేర్వేరు, పోర్ట్ మారినా వేరే, అందుకే పాత స్క్రిప్టు రాసింది బ్రౌజర్‌కి కనిపించదు. అసలు ఆ ఫైల్ జోలికే వెళ్లొద్దు, అది బ్రౌజర్ సొంత వ్యవహారం, ఎప్పుడైనా మార్చుకుంటుంది. టెస్టు ప్రొఫైల్‌లో పర్మిషన్స్.డిఫాల్ట్.జియో అనే ప్రిఫరెన్స్‌కి (బ్రౌజర్ సెట్టింగ్) 1 ఇస్తే అనుమతి, 2 ఇస్తే నిరాకరణ. ప్రతి టెస్టుకీ కొత్త ప్రొఫైల్ వాడండి. నిరాకరణ టెస్టు కూడా తప్పకుండా రాయండి, చాలామంది దాన్ని వదిలేస్తారు.