నలభై షాట్లు దాటాక చెయ్యి వణుకుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 19. పది మీటర్ల ఎయిర్ పిస్టల్ సాధన చేస్తున్నా. నలభై షాట్ల దాకా బాగానే పడతాయి. తర్వాత చెయ్యి వణికి షాట్‌కు పది పాయింట్లు రావాల్సిన చోట ఎనిమిదులు వస్తున్నాయి. జిమ్‌లో బరువులు పెంచితే తగ్గుతుందా? పోటీకి ముందు ప్రొప్రనలాల్ వేసుకోమని స్నేహితుడు అంటున్నాడు. వేసుకోవచ్చా?

జవాబు: ముందు మాత్ర సంగతి. వద్దే వద్దు. ఇది గుండె వేగాన్నీ వణుకునూ తగ్గించే బీటా బ్లాకర్. అందుకే షూటింగ్‌లో పోటీల్లేని రోజుల్లోనూ దీనిపై నిషేధం ఉంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఉత్తర కొరియా షూటర్ కిమ్ జోంగ్ సు రెండు పతకాలు పోగొట్టుకున్నది దీనివల్లే. ఆస్తమా ఉంటే ప్రాణం మీదికీ రావచ్చు.

నలభై దాకా బాగా పడుతున్నాయంటే మీ గురికి వంక పెట్టలేం. భుజానికే ఓపిక చాలడం లేదు. దాదాపు కిలో బరువుండే పిస్టల్‌ను 75 నిమిషాల్లో కనీసం 60 సార్లు చెయ్యి చాచి ఎత్తాలి. బిగిసి నిలిచిన కండరానికి రక్తం సరిగా అందదు, అలసి వణుకుతుంది. బెంచ్ ప్రెస్‌తో (వెల్లకిలా పడుకుని బరువులెత్తడంతో) ఇది తీరదు. నిలిపి ఉంచే శక్తి పెరగాలి.

పిస్టల్‌లో పెల్లెట్ (చిన్న గుండు) లేదని చూసుకుని, ఖాళీ గోడవైపు ఎత్తి 20 సెకన్లు నిలపండి. దించి 40 సెకన్లు ఆగండి. ఇలా పదిసార్లు, వారానికి నాలుగు రోజులు. రెండు వారాలకోసారి 5 సెకన్లు పెంచుతూ 30 దాకా వెళ్లండి. భుజం చెవివైపు లేస్తుంటే అక్కడితో ఆపేయాలి, లేదంటే ఆ తప్పు భంగిమే అలవాటవుతుంది. మోచేతిని పక్కటెముకలకు ఆనించి రబ్బర్ బ్యాండ్‌ను బయటికి లాగడం 15 చొప్పున మూడు సెట్లు చేయండి. నడుము ఊగితే చెయ్యెంత గట్టిదైనా లాభం లేదు కాబట్టి ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్లపై ఒళ్లు నిటారుగా ఆపడం), ఒంటికాలిపై నిలబడటం కూడా కలపండి. రోజూ అరగంట వేగంగా నడవండి.

రేంజ్‌లో మాత్రం గురి కుదిరాక 8 సెకన్లలో షాట్ వెళ్లకపోతే చెయ్యి దించేయండి. ఊపిరి బిగబట్టి ఇంకా లాగితే చూపు చెదురుతుంది. పదో షాట్‌కు బుద్ధిగా దించేవాళ్లే నలభయ్యో షాట్‌కు బద్ధకిస్తారు. మీ ఎనిమిదులు చాలావరకు అక్కడివే అయ్యుంటాయి.

ఖాళీ కడుపుతో పోటీకి వెళ్లొద్దు. రెండు గంటల ముందు ఇడ్లీయో ఉప్మానో తినండి. కాఫీ రోజూ తాగేదానికి మించొద్దు.

పిస్టల్ పట్టనప్పుడూ వేళ్లు వణకడం, గుండెదడ, బరువు తగ్గడం ఉంటే థైరాయిడ్ తేడా తెలిపే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించుకోండి. చెయ్యి సగం ఎత్తేసరికే భుజం నొప్పి పెడితే వ్యాయామాలు ఆపి ఎముకల డాక్టర్‌కు చూపించండి.